తారు రోడ్డుతో తీరే తగువు కాదు

ఇప్పుడు ఎవరిని కదిపినా ఒకటే పాట. మావోయిస్టుల కథ ముగిసింది. ముందు బలగాలు వెళ్ళాయి, బలగాల వెనక రోడ్డు వెళ్ళింది, రోడ్డు వెనక సెల్ టవరూ రేషన్ డిపోవూ బ్యాంకూ వెళ్ళాయి, అడవి దానంతటదే దారికొచ్చింది. మరి గ్రామసభలూ పంచాయతీలూ? వాటికేం తొందర, అంతా సద్దుమణిగాక, జనం నాలుగక్షరాలు నేర్చుకున్నాక చూసుకోవచ్చు. రిటైరైన పోలీసు అధికారులు టీవీల్లో చెప్పేది ఇదే. సంపాదకీయాలు రాసేది ఇదే. పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరాయన మజ్జిగ పోయించుకుంటూ తేల్చేసేదీ ఇదే. ఇంతమంది ఇంత ధీమాగా చెప్పే మాటను తప్పంటే పొగరనుకుంటారు. అనుకోనివ్వండి. అది తప్పే.

లెక్కలతో నాకు పేచీ లేదు. వామపక్ష తీవ్రవాదం ఉన్న జిల్లాలంటూ కేంద్రం రాసుకున్న జాబితాలో ఒకప్పుడు 126 ఉండేవి. 2018లో 90 అయ్యాయి, 2021లో 70, 2024లో 38. 2025 మే నెలలో మావోయిస్టు పార్టీ అధినేత నంబాళ్ళ కేశవరావు (బసవరాజు) అబూజ్‌మాడ్‌లో చనిపోయాడు. అక్టోబరులో మరో అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో లొంగిపోయాడు. నవంబరులో దళ నాయకుడు హిడ్మా మన మారేడుమిల్లి అడవిలోనే చనిపోయాడు. 2026 మార్చి 31 నాటికి అంతా ముగిసిపోవాలని కేంద్ర హోంమంత్రి ముందే గడువు పెట్టారు. దళాలు చితికిపోయాయి, సరే. దళం చితికితే తగువు తీరినట్టేనా? భూమి దావాలో ఒక కక్షిదారు చచ్చిపోతే దావా తీరిపోయిందంటారా, వారసులను చేర్చి విచారణ సాగిస్తారా? తీర్పు చెప్పాల్సింది మీరు గనక అడుగుతున్నాను.

ముందు రోడ్డు సంగతి చూద్దాం. ఈ వాదానికి గుండెకాయ అదే. రోడ్డొస్తే తిరుగుబాటు పోతుందని చెప్పే తెలుగువాడు సొంత చరిత్రే చదువుకోలేదు. 1922లో గూడెం కొండల్లో జనం అల్లూరి సీతారామరాజు వెనక ఎందుకు నడిచారు? పోడు మీద ఆంక్షలు, అటవీ చట్టం, పెత్తనం పోయిన ముఠాదారుల కడుపుమంట, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి రోడ్డు. నర్సీపట్నం నుంచి కొండమీదికి, లంబసింగి వైపు వేస్తున్న రోడ్డు పని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేతిలో ఉండేది. ఆయన మన్యం వాళ్ళ చేత రాళ్ళు కొట్టించాడు, మట్టి మోయించాడు, న్యాయంగా రావాల్సిన కూలి మాత్రం ఇవ్వలేదు. రాజు అనుచరుడు గాం గంటందొరకూ బాస్టియన్‌కూ ఉన్న వైరం చరిత్రకెక్కిందే. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల తుపాకులు రాజు దళం చేతికి వచ్చాయి. ఆ రోడ్డు వెంట కొండ ఎక్కింది శాంతి కాదు, మలబారు పోలీసులు.

రోడ్డు చెడ్డదని నేననను. నిండు గర్భిణిని డోలీలో మోసుకుని వాగులు దాటే ఊరికి రోడ్డు కావాలి. ఎప్పుడో రావాల్సింది. నేనడిగేది వేరు. ఆ రోడ్డు ఎటు పోవాలో, ఎవరి పొలంలోంచి పోవాలో, ఎంత వెడల్పుండాలో, కూలి ఎవరికెంత ముట్టిందో అడిగే హక్కు ఆ ఊరికి ఉందా? 1922లో లేదు. 2021 మే నెలలో సుక్మా, బీజాపూర్ జిల్లాల సరిహద్దున సిల్గేర్‌లో రాత్రికి రాత్రి క్యాంపు వెలిసినప్పుడు, వేలమంది ఆదివాసులు వచ్చి కూర్చుని అడిగింది కూడా ఇదే: గ్రామసభను అడగకుండా మా పొలంలోకి ఎలా వచ్చారు? కాల్పులు జరిగాయి, ముగ్గురు చనిపోయారు. నూరేళ్ళ తేడాలో మారిందేమిటో, రోడ్డే మందనే మన వాదిగారు చెప్పాలి.

రెండో మాట: వెనకబాటుతనం వల్లే తిరుగుబాటు, డబ్బు కుమ్మరిస్తే అదే పోతుంది. ఈ మాట దంతెవాడను చూపించి చెప్పమనండి. బైలదిల్లా కొండల్లో ఎన్ఎండీసీ 1968లో ఇనుప ఖనిజం తవ్వడం మొదలుపెట్టింది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికే తూర్పు కనుమలను తొలుచుకుంటూ కిరండూల్ నుంచి కొత్తవలస దాకా రైలు మార్గం వేశారు. అరకు చూడ్డానికి వెళ్ళి, బొర్రా దగ్గర సొరంగాల్లో అద్దం కిటికీ పక్కన ఫొటోలు దిగేవాళ్ళు ప్రయాణించేది ఆ దారిలోనే. ఎదురొచ్చే గూడ్సు బండ్ల మీది ఎర్రదుమ్ము ఆ కొండలదే. మేలురకం ఖనిజం, పేరున్న ప్రభుత్వ సంస్థ, రైలు, టౌన్‌షిప్, కరెంటు, ఆస్పత్రి అన్నీ ఆ గడ్డ మీద ఐదు దశాబ్దాలకు పైగా ఉన్నాయి. వాదిగారి సిద్ధాంతం ప్రకారం దంతెవాడ దేశంలోకెల్లా ప్రశాంతమైన జిల్లా కావాలి. ఏమైంది? తిరుగుబాటుకు నడిబొడ్డయింది. అభివృద్ధి లేక కాదు, అభివృద్ధి ఊరి మీదుగా దూసుకుపోయి ఊరిని లెక్కలోకి తీసుకోక.

2019 జూన్‌లో అదే కొండల్లో డిపాజిట్ 13 దగ్గర తవ్వకానికి సిద్ధమయ్యారు. నందరాజ్ కొండ తమ దేవుడిదని వేలమంది కిరండూల్‌కు నడిచి వచ్చి ఎన్ఎండీసీ గేటు ముందు కూర్చున్నారు. 2014లో హిరోలి గ్రామసభ ఒప్పుకున్నట్టు చూపిస్తున్న తీర్మానం దొంగదని వాళ్ళ ఆరోపణ. రాష్ట్ర ప్రభుత్వం పని ఆపించి విచారణకు ఆదేశించక తప్పలేదు. ఇందులో ఒక విశేషం గమనించండి. గ్రామసభ దండగ అనే యంత్రాంగానికి కూడా గ్రామసభ సంతకాలు కావాలి. కూర్చుని మాట్లాడే మనుషులే అక్కర్లేదు.

పీపుల్స్‌వార్ దళాలు 1980లో గోదావరి దాటి బస్తర్, గడ్చిరోలి అడవుల్లోకి వెళ్ళినప్పుడు మొదట పట్టుకున్నవి ఏ సమస్యలు? రోడ్డు లేదనా? బ్యాంకు లేదనా? తునికాకు కట్ట ధర, ఫారెస్టు గార్డు మామూళ్ళు. తునికాకు కల్లం చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మే ఎండలు ముదరకముందే ఇంటిల్లిపాదీ అడవికి పోయి ఆకు కోసుకొస్తారు. మధ్యాహ్నం చెట్టునీడన కూర్చుని యాభై ఆకులకో కట్ట చొప్పున నారతో కడతారు. సాయంత్రం కల్లంలో వరసగా పేరుస్తారు. అప్పుడు కాంట్రాక్టరు తరఫున ఆకు లెక్కపెట్టే కల్లేదారు వస్తాడు. నూరు కట్టలకు ఇన్ని కట్టలు పైన వేయమంటాడు. ఈ ఆకు చిన్నదని, ఆ ఆకు ముదిరిందని కట్టలు పక్కకు తోస్తాడు. తోసిన కట్టలకు డబ్బు రాయడు, వెనక్కీ ఇవ్వడు. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి. ఆ సంచి ధర మాత్రం ఎక్కడో రాజధానిలో ఖరారై వస్తుంది. ఆ కట్టకు నాలుగు పైసలు పెంచమని కల్లేదారుకు అడ్డం నిలబడ్డవాడి భుజాన తుపాకీ ఉంటే, జనం వాడి పక్కన చేరడంలో వింతేముంది? ఆ అడ్డం నిలబడే పని పంచాయతీది. పంచాయతీకి ఆకు మీద ఏ అధికారమూ లేదు. ఖాళీ ఉన్న చోటికి తుపాకీ వచ్చి కూర్చుంది. తర్వాత్తర్వాత అదే తుపాకీ కాంట్రాక్టరు దగ్గర తన వాటా తాను వసూలు చేసుకుందన్నదీ నిజమే. ఖాళీగా వదిలేసిన కుర్చీలో కూర్చున్నవాడు కప్పం అడక్క మానడు.

అధికారం లేదన్నాను గానీ చట్టం లేదనలేదు. దిలీప్ సింగ్ భూరియా కమిటీ సిఫారసుల మీద 1996 డిసెంబరులో, షెడ్యూలు ప్రాంతాలకు పంచాయతీలను విస్తరించే పెసా చట్టం వచ్చింది. ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో గ్రామసభకు అది ఇచ్చినవి ఏమిటో ఒకసారి చదవండి. చిన్న అటవీ ఫలసాయం మీద యాజమాన్యం. అన్యాక్రాంతమైన గిరిజన భూమిని తిరిగి ఇప్పించే అధికారం. సారా మీద, సంత మీద, వడ్డీ వ్యాపారం మీద అదుపు. భూసేకరణకు ముందు సంప్రదింపు. ఊళ్ళో ఖర్చయిన డబ్బు సక్రమంగా ఖర్చయిందని ధ్రువపత్రం ఇచ్చే హక్కు. ఈ ఆఖరిదాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను. పార్లమెంటు ఇచ్చింది, రాష్ట్రాలు ఇవ్వలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటే ఇదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో తన చట్టాన్ని సవరించి, నియమాలు రాయడానికి 2011 దాకా కూర్చుంది. మహారాష్ట్రకు 2014 దాకా పట్టింది. బస్తర్ ఉన్న ఛత్తీస్‌గఢ్ నియమాలు తెచ్చింది ఎప్పుడనుకున్నారు? 2022లో. చట్టం వచ్చాక ఇరవై ఆరేళ్ళకు. ఆ ఇరవై ఆరేళ్ళూ అక్కడ యుద్ధం నడిచిన ఏళ్ళే. గ్రామసభతో పని కాదని తేల్చేవాళ్ళు, దాన్ని ఏ ఊళ్ళో ఏ సంవత్సరం పనిచేయనిచ్చి చూశారో చెప్పాలి కదా?

ఝార్ఖండ్ కథ ఇంకా దారుణం. అక్కడ 2010కి ముందు ముప్ఫై రెండేళ్ళపాటు పంచాయతీ ఎన్నికలే లేవు. రాష్ట్రం ఏర్పడ్డాక పదేళ్ళు గడిచాయి, ఊరికి సర్పంచి అనేవాడు లేడు. 2011లో సారండా అడవిలో బలగాలు పెద్ద గాలింపు ముగించగానే అభివృద్ధి ప్రణాళిక వచ్చిపడింది: సైకిళ్ళు, సోలార్ లాంతర్లు, రోడ్లు. ముప్ఫై రెండేళ్ళు పంచాయతీకి ఓటడగని ప్రభుత్వం లాంతరు పట్టుకుని వస్తే ఆ ఊరు ఏమనుకోవాలి?

అప్పటికే ఇది జాతీయ విధానం. 2010లో కేంద్రం సమగ్ర కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. మొదట 60 జిల్లాలు, జిల్లాకు మొదటి ఏడాది 25 కోట్లు, రెండో ఏడాది 30 కోట్లు. ఆ డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో తేల్చే కమిటీలో ఎవరు? కలెక్టరు, ఎస్పీ, డీఎఫ్ఓ. ముగ్గురే. జిల్లా పరిషత్ లేదు, సర్పంచి లేడు, గ్రామసభ లేదు. ఊరివాడు ఏ ముగ్గురు అధికారుల మీద ఫిర్యాదులు చెబుతూ వచ్చాడో ఆ ముగ్గురి చేతుల్లోనే సంచి పెట్టారు. మామూళ్ళు తీసుకున్న ఫారెస్టు గార్డు పై అధికారి ఒకరు, అరెస్టు చేసిన పోలీసు పై అధికారి ఇంకొకరు. వేగం కోసమట. వేగం దేనికి? భవనం కట్టడానికి. టీచరు రాని బడి భవనమూ నర్సు లేని ఉపకేంద్రమూ ఎంత వేగంగా లేస్తే ఏం లాభం?

ఇది తెలియక చేసిన తప్పనుకుంటే పొరపాటు. 2008లోనే ప్రణాళికా సంఘం నియమించిన నిపుణుల బృందం, తీవ్రవాద ప్రాంతాల్లో అభివృద్ధి సవాళ్ళ మీద నివేదిక ఇచ్చింది. అధ్యక్షుడు డి. బందోపాధ్యాయ. సభ్యుల్లో బస్తర్ మాజీ కలెక్టర్ బి.డి. శర్మ ఉన్నారు, మన కె. బాలగోపాల్ ఉన్నారు, ఎస్.ఆర్. శంకరన్ ఉన్నారు. 1987లో గుర్తేడు అడవిలో నక్సలైట్లు బందీలుగా పట్టుకున్న ఐఏఎస్ అధికారుల్లో శంకరన్ ఒకరన్నది తెలుగువాళ్ళకు గుర్తుండాలి. ఆయనకు తుపాకీ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. వీళ్ళంతా ఒక పక్షం వాళ్ళే కదా అంటారేమో, అదే బల్ల చుట్టూ పోలీసు శాఖ నుంచి ప్రకాశ్ సింగ్, ఇంటలిజెన్స్ నుంచి అజిత్ డోవల్ కూడా కూర్చున్నారు. పౌరహక్కుల న్యాయవాదీ నిఘా మాజీ అధిపతీ కలిసి కూర్చున్న బృందం పెసాను అమలు చేయమని, భూమి, అడవి హక్కులు తేల్చమని గట్టిగా చెప్పింది. మూడేళ్ళు తిరక్కుండా ప్రభుత్వం ముగ్గురు అధికారుల కమిటీ వేసింది. నివేదిక బీరువాలోకి వెళ్ళింది.

ఇప్పుడు ఆ ధ్రువపత్రం దగ్గరికి వద్దాం. తీవ్రవాద ప్రాంతాల రోడ్ల కోసం 2009లో ఒక పథకం, 2016లో ఇంకొకటి వచ్చాయి. ఆ రోడ్ల కోసం జవాన్లు ప్రాణాలిచ్చారు. 2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర రోడ్డు పనికి కాపలా కాస్తున్న సీఆర్పీఎఫ్ జవాన్లు 25 మంది చనిపోయారు. అంత ఖరీదైన రోడ్డు ఎలా వేయాలి? బంగారం పోసినట్టు వేయాలి. బీజాపూర్ విలేకరి ముకేశ్ చంద్రాకర్ చూపించింది వేరే రోడ్డు: కోట్లు పోసినా గుంతలు తేలిన రోడ్డు. 2021లో మావోయిస్టుల చెరలో ఉన్న జవానును విడిపించడానికి అడవిలోకి వెళ్ళిన విలేకరుల్లో ఆయన ఒకరు. దళం ఆయన్ను ఏమీ చేయలేదు. 2025 జనవరి మొదటి వారంలో ఆయన శవం ఒక కాంట్రాక్టరు ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో, పైన కొత్తగా కాంక్రీటు వేసిన చోట దొరికింది. ప్రధాన నిందితుడైన కాంట్రాక్టరును పోలీసులు పట్టుకున్నది మన హైదరాబాద్‌లో. రోడ్డే అభివృద్ధి, అభివృద్ధే శాంతి అని లెక్కలు వేసేవాళ్ళ పట్టికలో ఈ వరస ఎక్కడ రాస్తారు? ఆ రోడ్డు పక్కన ఊళ్ళున్నాయి. కంకర ఎంత పడిందో, తారు ఎంత మందాన పడిందో పశువుల్ని తోలుకుపోయే పిల్లవాడు కూడా చూశాడు. ఆ ఊరి గ్రామసభ సంతకం లేనిదే బిల్లు కదలదంటే, ఆ పని ఒక విలేకరి ఒంటరిగా ప్రాణం మీదికి తెచ్చుకుని చేయాల్సి వచ్చేదా?

సర్పంచులు చేతకానివాళ్ళు, దళాల చేతిలో కీలుబొమ్మలు అన్నది మూడో మాట. అయితే ఆ కీలుబొమ్మలను మావోయిస్టులు ఎందుకు చంపారు? ఎందుకు ఊళ్ళు తిరిగి రాజీనామాలు చేయించారు, పంచాయతీ ఎన్నికలు బహిష్కరించమన్నారు, తెలంగాణలో ఎంపీటీసీలనూ జడ్పీటీసీలనూ ఎందుకు కాల్చారు? పనికిరాని సంస్థను చంపడానికి ఎవరూ తూటా ఖర్చుపెట్టరు. ఊరి పెత్తనానికి పోటీ ఎవరో మావోయిస్టులకు బాగా తెలుసు. అందుకే పంచాయతీని పడగొట్టి ఆ చోట జనతన సర్కార్ నిలబెట్టారు. దానికి భూమి పంపకం, చెరువు తవ్వకం, తగువుల తీర్పు, విత్తనాలు అన్నీ అప్పగించారు. ఆ సర్కారులో తుపాకీ మాటే చెల్లిందని, కాదన్నవాడు ఇన్ఫార్మర్ అయి చచ్చాడని నాకూ తెలుసు. దాన్ని మెచ్చుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు. ఊరికి సొంత పాలన ఎంత ముఖ్యమో ఒక సాయుధ దళానికి అర్థమైంది, మన సచివాలయాలకు అర్థం కాలేదు. ఇది సిగ్గుపడాల్సిన సంగతి.

గ్రామసభకు అధికారమిస్తే ప్రతి పనికీ అడ్డం పడుతుందన్నది నాలుగోది. ఒడిశాలోని నియమగిరిని చూపిస్తారు. చూద్దాం. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, కొండ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలంది. జూలై, ఆగస్టుల్లో 12 పల్లెసభలు జరిగాయి, జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి పరిశీలకుడిగా కూర్చున్నారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. ఆకాశం ఊడిపడిందా? కొండ కింద లాంజిగఢ్‌లో శుద్ధి కర్మాగారం ఖనిజం బయటి నుంచి తెచ్చుకుని నడుస్తూనే ఉంది. ఒక తుపాకీ పేలకుండా డోంగ్రియా కోందులు తమ కొండను నిలబెట్టుకున్నారు. రాజ్యాంగం ఇచ్చిన దారిలో గెలవొచ్చని అడవిలో ఒక తరానికి తెలిసింది. తిరుగుబాటును అణచడానికి ఇంతకన్నా చౌకైన సాధనం ఏ హోంశాఖ దగ్గరుంది?

పైగా గ్రామసభ ఎప్పుడూ వద్దే అంటుందని ఎవరు చెప్పారు? గడ్చిరోలి జిల్లా ధనోరా తాలూకాలో మెండా లేఖా అని ఒక గోండు ఊరుంది. ఐదొందలకు అటూ ఇటూ జనాభా. దిల్లీ, ముంబైలలో మా సర్కారు, మా ఊళ్ళో మేమే సర్కారు అన్నది ఆ ఊరి నినాదం. నినాదంతో ఆగి ఉంటే నేను పేరెత్తేవాణ్ణి కాదు. ఆ ఊళ్ళో ప్రతి సంగతీ చదువుకోవడానికి అధ్యయన బృందం ఉంది. నిర్ణయం చేయెత్తి లెక్కపెట్టి కాదు, అందరూ ఒప్పుకునేదాకా కూర్చుని తీసుకుంటారు. అటవీ హక్కుల చట్టం కింద 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద ఉమ్మడి హక్కు సాధించారు. ఆ అడవి నిండా వెదురు. ఎన్నో ఏళ్ళుగా ఆ వెదురు కాగితపు మిల్లుకు పోయేది, ఊరికి కూలి మిగిలేది. హక్కు వచ్చాక తామే నరికి తామే అమ్ముకుంటామన్నారు. అటవీ శాఖ ఒప్పుకోలేదు. వెదురు చెట్టట, చెట్టు ప్రభుత్వానిదట! వెదురు చిన్న అటవీ ఫలసాయమని 2006 నాటి ఆ హక్కుల చట్టంలో అక్షరాలా రాసి ఉంది. అయినా 1927 నాటి అటవీ చట్టం పట్టుకుని వాదించారు. చివరికి 2011 ఏప్రిల్‌లో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఆ ఊరికి వెళ్ళి, వెదురు రవాణా పాసుల పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టాల్సి వచ్చింది. ఒక చిన్న పాసు పుస్తకం కోసం కేంద్రమంత్రి!

ఆ తర్వాత? ఊరు వెదురు నరికింది, అమ్మింది, లెక్క రాసుకుంది. దేన్ని నరకాలో దేన్ని ఉంచాలో నియమాలు తానే పెట్టుకుంది. గడ్చిరోలిలో మరెన్నో గ్రామసభలు తునికాకు కూడా తామే వేలం వేయడం మొదలుపెట్టాయి. మోసపోయిన చోట్లు లేకపోలేదు. ఆకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టిన వ్యాపారులున్నారు. వ్యాపారం అంటే అదే, అందరం అలాగే నేర్చుకున్నాం. నాకు కావాల్సిన రుజువు ఒకటే: దళాలు తిరిగిన అడవిలో, యుద్ధం నడుస్తున్న రోజుల్లోనే, ఊళ్ళు అధికారమూ ఆదాయమూ రెండూ చేపట్టాయి. శాంతి వచ్చేదాకా ఆగలేదు.

ఇక మనవాళ్ళకు మహా ప్రీతిపాత్రమైన ఆంధ్రా నమూనా. 1989లో గ్రేహౌండ్స్ పెట్టాం, నక్సలైట్లను తరిమాం, దేశమంతా మమ్మల్ని చూసి నేర్చుకోవాలి. తరిమారు, ఎక్కడికి? గోదావరి అవతలికి. మావోయిస్టు పార్టీని నడిపిన గణపతి, కిషన్‌జీ, బసవరాజు ఏ ఊళ్ళవాళ్ళు? ఇంట్లో చెత్త ఊడ్చి పక్కింటి వాకిట్లో పోసి పారిశుద్ధ్యానికి బహుమతి అడగడం కాదా ఇది? పైగా ఇక్కడ జరిగిన మిగతా పనులన్నీ గ్రేహౌండ్స్ ఖాతాలో వేస్తారు. శ్రీకాకుళంలో 1967 అక్టోబరులో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులను కాల్చి చంపాక మంటలు లేచాయి. ఆ మంటల వేడికే గిరిజన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970 నాటి ఒకటో నిబంధన, మనందరం 1/70 అనేది, వచ్చింది. ఆ తర్వాత ఐటీడీఏలు వచ్చాయి. ఎన్టీ రామారావు 330 సమితులను రద్దుచేసి పదకొండొందల పైచిలుకు మండలాలు పెట్టాక తహసీలు కచేరీకి రెండు రోజులు నడిచే బాధ తగ్గింది. 1997లో సమతా తీర్పు, అనంతగిరి మండలం బొర్రా నుంచి వెళ్ళిన కేసులోనే, షెడ్యూలు ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజులు చెల్లవంది. ఇవన్నీ పాలనను ఊరికి దగ్గర చేసిన, లేదా ఊరి భూమికి కాపలా పెట్టిన పనులు. తుపాకీ కథ చెప్పేటప్పుడు ఇవి గొంతు దాటి రావెందుకు?

అలాగని మన ఇల్లు చక్కగా ఉందని చెప్పలేను. తెలంగాణ 2018 చట్టంతో ఐదొందల జనాభా దాటిన తండాలనూ గూడేలనూ పంచాయతీలు చేసింది. మొత్తం 12,751 అయ్యాయి. మంచి పని. 2024 ఫిబ్రవరి మొదట్లో వాటి గడువు తీరింది. ఎన్నికలు? 2025 డిసెంబరులో. దాదాపు రెండేళ్ళు ప్రత్యేక అధికారుల పాలన, పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగడం, అంతకుముందు సొంత డబ్బు పెట్టి పనులు చేసిన సర్పంచులు బిల్లుల కోసం ధర్నాలు. బస్తర్‌కు పాఠం చెప్పే రాష్ట్రం ఇదా?

ఏజెన్సీలో గ్రామసభ ఎలా జరుగుతుందో చూసినవాళ్ళకు ఇంకో సంగతి తెలుసు. పంచాయతీ కార్యదర్శికి పై నుంచి ఫోను వస్తుంది: రేపటికి తీర్మానం కావాలి. తీర్మానం మాటలు వాట్సాప్‌లో వస్తాయి. ఆయన వాటిని తీర్మానాల పుస్తకంలో ఎత్తి రాసి, బండి మీద సంతకు పోతాడు. చింతపండు అమ్ముకోవడానికి వచ్చిన వాళ్ళ చేత అక్కడే సంతకాలు, వేలిముద్రలు. కోరం సరిపోయింది, సభ ముగిసింది. దీన్ని చూపించి గ్రామసభ అంటే ఇంతే అంటారు. కార్యదర్శికి ఆ ఫోను చేసిందెవరని మాత్రం అడగరు. చిత్తశుద్ధిగా గ్రామసభను ఆరాధించే స్వచ్ఛంద సంస్థల మిత్రులకు కూడా ఒక మాట: ఊరంటే ఒకే గొంతు కాదు. ఆడవాళ్ళ నోరు మూయించే పెద్దలున్నారు, గిరిజన ఇసుక సొసైటీ పేరు వెనక బినామీలున్నారు. దానికి మందు గ్రామసభను తీసేయడం కాదు, దానికి ఒక గుమాస్తాను, ఒక ఇంజనీరును, ఒక ఆడిటరును ఇవ్వడం. కలెక్టరేటులో తప్పు జరిగితే కలెక్టరేటును రద్దు చేస్తున్నామా?

యుద్ధం అయిపోయిందంటున్నారు గనక ఆఖరున ఒక ప్రశ్న. 2005లో మావోయిస్టుల మీదికి సాయుధ పౌర దళంగా సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ ఊళ్ళు తగలబడి, వేలమంది గోదావరి లోయ అడవుల్లోకి వచ్చి పడ్డారు. భద్రాచలం, ములుగు, చింతూరు ప్రాంతాల్లో మనం గుత్తికోయలంటున్నది వీళ్ళనే. జుడుం చట్టవిరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వీళ్ళ బతుకు మీద తీర్పు ఇంకా రాలేదు. అక్కడ పుట్టారు గనక ఇక్కడ ఎస్టీ ధ్రువపత్రానికి చిక్కు. పోడుకు పట్టా లేదు. అటవీ శాఖ గుడిసెలు పీకించినప్పుడు అడ్డం పడటానికి తమదనే పంచాయతీ లేదు. ఇరవై ఏళ్ళలో ఇక్కడ పుట్టిన పిల్లలు పెళ్ళీడుకొచ్చారు. వీళ్ళను వెనక్కి పంపుతారా? పంపితే వాళ్ళ పాత పొలం ఎవరి కింద ఉందో ఎవరు తేలుస్తారు? ఉంచితే ఏ గ్రామసభ పుస్తకంలో పేరు రాస్తారు? మన వాదిగారు ఈసారి రోడ్ల కిలోమీటర్ల పట్టిక పట్టుకుని వచ్చినప్పుడు, దాన్ని పక్కన పెట్టించి ముందు వీటికి జవాబు చెప్పించండి.